విర్సా సింగ్ వర్సెస్ పంజాబ్ రాష్ట్రం (1958)

విర్సా సింగ్ వర్సెస్ పంజాబ్ రాష్ట్రం భారత సుప్రీంకోర్టు 1958 మార్చి 11న తీర్పు చెప్పిన ఒక క్రిమినల్ అప్పీలు. ఒకే ఒక్క బల్లెపు పోటు వలన సంభవించిన మరణం హత్య అవుతుందా, లేక అంతకంటే తక్కువ నేరమా అన్న ప్రశ్నపై ఈ తీర్పు వెలువడింది. భారత శిక్షాస్మృతిలోని 300వ సెక్షను మూడవ నిబంధనకు అర్థం చెప్పిన తీర్పులలో దీనిది ప్రథమ స్థానం. న్యాయశాస్త్ర విద్యార్థులు దీనిని తప్పక చదువుతారు. కత్తిపోటు, బల్లెపు పోటు, గొడ్డలి దెబ్బ వంటి కేసులలో ప్రాసిక్యూషను, ముద్దాయి తరఫు న్యాయవాది ఉభయులూ దీనినే ఉదహరించడం కద్దు. తీర్పును జస్టిస్ వివియన్ బోస్ రాశారు. ధర్మాసనంలోని మిగిలిన ఇద్దరు జస్టిస్ సయ్యద్ జాఫర్ ఇమామ్, జస్టిస్ పి.బి. గజేంద్రగడ్కర్. లా రిపోర్టులలో ఇది ఏ.ఐ.ఆర్. 1958 ఎస్.సి. 465గా నమోదై ఉన్నది.

ఈ కేసులో తేలవలసిన విషయాన్ని ఇలా చెప్పవచ్చు. పోటు పొడిచిన చేతిని ప్రత్యక్ష సాక్షి చూడగలడు. బల్లెం ఎక్కడ దిగినదో చూడగలడు. పొడిచినవాని మనసులో ఏమున్నదో మాత్రం చూడలేడు. మరి హత్యానేరానికి చట్టం కోరే "ఉద్దేశం" రుజువు కావడం ఎలా? ఈ ప్రశ్నకు వచ్చే సమాధానాన్ని బట్టి ఒక మనిషి ఉరికంబం వరకూ వెళ్ళవచ్చు, లేదా కొన్నేళ్ళ జైలు శిక్షతో బయటపడవచ్చు.

సంఘటన

1955 జూలై 13వ తేదీ రాత్రి సుమారు 8 గంటలకు పంజాబులో ఒక ఘర్షణ జరిగింది. అందులో ఒక వ్యక్తికి పొత్తికడుపులో బల్లెపు పోటు తగిలింది. అతడు మరునాటి సాయంత్రం సుమారు 5 గంటలకు, అనగా ఇంచుమించు 21 గంటల తరువాత మరణించాడు. మృతుని శరీరంపై ఉన్న గాయం అదొక్కటే.

అతడు ప్రాణాలతో ఉండగా పరీక్షించిన వైద్యుడు గాయాన్ని వివరంగా వర్ణించాడు. పొత్తికడుపు ఎడమ వైపున, గజ్జకు కొంచెం పైన, 2 అంగుళాల పొడవు, అర అంగుళం వెడల్పు గల అడ్డపు పోటు అది. గాయంలో నుండి మూడు పేగు చుట్లు బయటకు వచ్చి ఉన్నాయి. శవపరీక్ష చేసిన వైద్యుడు అదే గాయాన్ని కుట్లు వేసిన రెండున్నర అంగుళాల ఏటవాలు గాయంగా నమోదు చేశాడు. అది కడుపు గోడ మందమంతా చీల్చుకొని లోనికి పోయింది. ప్రేగులలో ఆరు చోట్ల తెగిన గాట్లు ఉన్నాయి. వాటిలో మూడింటి నుండి జీర్ణమైన ఆహారం ఉదరకుహరంలోకి కారుతున్నది. చిన్న ప్రేగుల చుట్టూ చీము పేరుకొని ఉంది. ఈ స్థితిని వైద్యులు పెరిటోనైటిస్ అంటారు. సహజ క్రమంలో మరణం కలిగించడానికి ఈ గాయం చాలునని ఆ వైద్యుడు సాక్ష్యం చెప్పాడు. ఈ ఒక్క వాక్యమే తరువాత అప్పీలులో కీలకమైంది.

కింది కోర్టుల తీర్పులు

ఈ కేసులో విచారణ ఎదుర్కొన్నవారు ఆరుగురు. అందరిపైనా శిక్షాస్మృతి 302, 324, 323 సెక్షన్ల కింద, 149వ సెక్షనుతో కలిపి అభియోగాలు మోపారు. 149వ సెక్షను ప్రకారం ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది చట్టవిరుద్ధంగా గుమికూడినప్పుడు, ఆ గుంపు ఉమ్మడి లక్ష్యం కోసం ఒకరు చేసిన నేరానికి గుంపులోని అందరూ బాధ్యులవుతారు. ఇది కాక విర్సా సింగ్‌పై విడిగా 302వ సెక్షను కింద హత్యాభియోగం కూడా ఉన్నది.

ఈ విడి అభియోగాన్ని చాలామంది పాఠకులు పట్టించుకోకుండా దాటిపోతారు కానీ దాని ప్రాముఖ్యం చిన్నది కాదు. గుంపు బాధ్యత కింద మాత్రమే అభియోగం మోపి, చివరికి ఒక్కరినే నేరుగా 302 కింద శిక్షించడం చెల్లదని నానక్‌చంద్ వర్సెస్ పంజాబ్ రాష్ట్రం (1955) కేసులో సుప్రీంకోర్టు అంతకు మూడేళ్ళ క్రితమే చెప్పింది. ఆ తరువాత విల్లీ స్లేనీ కేసులో (1955), అభియోగపత్రంలోని లోపం వలన ముద్దాయికి నిజంగా అన్యాయం జరిగితేనే తీర్పు చెల్లకుండా పోతుందని వివరణ ఇచ్చింది. విర్సా సింగ్ కేసులో విడి అభియోగం మొదటి నుండీ ఉన్నందున ఆ చిక్కు ఎదురు కాలేదు.

సెషన్సు కోర్టు మిగిలిన ఐదుగురినీ హత్యాభియోగం నుండి విడుదల చేసింది. 326, 324, 323 సెక్షన్ల కింద, 149తో కలిపి వారిని దోషులుగా నిర్ణయించింది. వారు హైకోర్టుకు అప్పీలు చేసుకొనగా అక్కడ అందరూ నిర్దోషులుగా బయటపడ్డారు. విర్సా సింగ్‌కు మాత్రం 302 కింద పడిన యావజ్జీవ శిక్షను హైకోర్టు ఖాయం చేసింది. ఆరుగురితో మొదలైన కేసులో చివరికి మిగిలినది ఒక్క ముద్దాయి, ఒక్క గాయం.

సెషన్సు జడ్జి తీర్పులో ఒక విచిత్రం ఉన్నది. ముద్దాయికి 21 లేక 22 ఏళ్ళు ఉంటాయని ఆయన నిర్ధారించారు. గుంపు లక్ష్యం తీవ్రమైన దెబ్బలు కొట్టడం మాత్రమేనని, కనుక ముద్దాయికి చంపే ఉద్దేశం నిజానికి ఉందనుకోనని, తొందరపాటుతో, తెలివితక్కువగా కాస్త బలంగా పొడవడం వలన చావు సంభవించిందని రాశారు. పెరిటోనైటిస్ రాకపోయి ఉంటే అతడు చనిపోకపోవచ్చు, లేదా మరికొంతకాలం బ్రతికి ఉండవచ్చునని కూడా అన్నారు. ఇంత చెప్పి కూడా, కేసు 300వ సెక్షను మూడవ నిబంధన కిందికి వస్తుందని హత్యకే శిక్ష వేశారు. చంపే ఉద్దేశం లేదని ఒక వాక్యంలోనూ, హత్య చేశాడని మరొక వాక్యంలోనూ ఉన్న ఈ తీర్పు చదివినవారికి పొసగనట్లు అనిపించడం సహజం. సుప్రీంకోర్టు తీర్పు అర్థమైతే ఇందులో వైరుధ్యం లేదని తెలుస్తుంది.

ఘర్షణ అంతా అనుకోకుండా ఎదురుపడినప్పుడు హఠాత్తుగా జరిగినదని హైకోర్టు అభిప్రాయపడింది. అయితే పొడిచినది విర్సా సింగే అన్న నిర్ధారణను, ఆ పోటే ప్రాణాంతకమైనదన్న వైద్యసాక్ష్యాన్ని రెండింటినీ ఆమోదించింది.

అప్పీలు పరిధి

సుప్రీంకోర్టుకు ఈ అప్పీలు ప్రత్యేక అనుమతి ద్వారా వచ్చింది. ఆ అనుమతి కూడా పరిమితమైనది. హైకోర్టు ఆమోదించిన వాస్తవాలను ఉన్నవి ఉన్నట్లు స్వీకరిస్తే, వాటి ఆధారంగా ముద్దాయి చేసిన నేరం ఏది అన్నది మాత్రమే విచారణాంశం. సాక్షులు నిజం చెప్పారా, చీకటిలో ముఖాలు గుర్తుపట్టగలిగారా వంటి ప్రశ్నలకు అందులో తావు లేదు.

క్రిమినల్ అప్పీళ్ళను గురించి సామాన్య పాఠకులలో ఉన్న ఒక అపోహను ఇక్కడ ప్రస్తావించడం అవసరం. ప్రతి అప్పీలులోనూ సాక్షులను మళ్ళీ పిలిచి విచారిస్తారని అనుకుంటారు. వాస్తవానికి సెషన్సు తీర్పుపై అప్పీలు వినే హైకోర్టు రికార్డులోని సాక్ష్యాన్ని మొత్తం తిరిగి పరిశీలించి తన సొంత నిర్ణయానికి రావచ్చు, కానీ సాధారణంగా సాక్షులను తిరిగి బోను ఎక్కించదు. సుప్రీంకోర్టు రాజ్యాంగం 136వ అధికరణం కింద వచ్చే అప్పీళ్ళలో, రెండు కింది కోర్టులూ ఏకాభిప్రాయంతో తేల్చిన వాస్తవాల జోలికి అరుదుగా మాత్రమే వెళుతుంది. సాక్షి ముఖకవళికలను, తడబాటును స్వయంగా చూసే అవకాశం విచారణ జరిపిన జడ్జికి ఒక్కరికే ఉంటుంది. పైకోర్టు ముందు ఉండేది కాగితం మాత్రమే.

300వ సెక్షను మూడవ నిబంధన

శిక్షాస్మృతి 299వ సెక్షను నేరపూరిత నరహత్యను నిర్వచిస్తుంది. అందులో మరింత తీవ్రమైన రకాన్ని 300వ సెక్షను హత్యగా వేరు చేస్తుంది. హత్య కావడానికి అందులో నాలుగు దారులు చెప్పబడ్డాయి. మొదటిది చంపాలన్న ఉద్దేశంతో చేసిన పని. రెండవది, ఎదుటి మనిషికి చావు తెప్పించగలదని తెలిసి కూడా అటువంటి దెబ్బ ఉద్దేశపూర్వకంగా కొట్టడం. వ్యాధిగ్రస్తుడని తెలిసి కొట్టడం ఇందుకు ఉదాహరణ. నాలుగవది అత్యంత ప్రమాదకరమని తెలిసి, ఏ కారణం లేకుండా తెగించి చేసే పని.

మూడవది ఈ కేసుకు సంబంధించినది. శరీరానికి గాయం చేయాలన్న ఉద్దేశంతో పని చేసి ఉండాలి. అలా ఉద్దేశించిన గాయం సహజ క్రమంలో మరణానికి సరిపోయేదై ఉండాలి. ఈ రెండూ ఉంటే అది హత్యే. సెక్షనుకు ఇచ్చిన ఉదాహరణలలో ఒకటి ఈ నిబంధనకే చెందుతుంది. ఒకడు మరొకనిపై మామూలుగా మనిషి చావుకు సరిపోయేంతటి కత్తివేటు గాని దుడ్డుకర్ర దెబ్బ గాని ఉద్దేశపూర్వకంగా వేస్తే, ఎదుటివాడు చనిపోతే, చంపాలని అనుకోకపోయినా అతడు హంతకుడే. సెషన్సు జడ్జి మాటలలో కనిపించిన వైరుధ్యానికి సమాధానం 1860 నాటి చట్టంలోనే ఉన్నదన్నమాట.

శిక్షలలో తేడా కూడా తెలుసుకోవాలి. 302 కింద హత్యకు మరణశిక్ష లేదా యావజ్జీవం మాత్రమే ఉండేవి. అంతకు తగ్గించే అధికారం జడ్జికి లేదు. హత్య కాని నేరపూరిత నరహత్యకు 304వ సెక్షను రెండు భాగాలుగా శిక్షలు చెప్పింది. ఉద్దేశం ఉన్న మొదటి భాగంలో యావజ్జీవం లేదా పదేళ్ళ వరకు జైలు, జ్ఞానం మాత్రమే ఉన్న రెండవ భాగంలో పదేళ్ళ వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇరవై రెండేళ్ళ యువకునికి ఈ తేడా ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

అప్పీలుదారు వాదన

అప్పీలుదారు తరఫు వాదన వినడానికి బలంగానే ఉంటుంది. చట్టం "ఉద్దేశించిన గాయం" అంటున్నది కనుక, చావుకు సరిపోయేంతటి గాయం చేయాలనే ఉద్దేశం ముద్దాయికి ఉన్నట్లు ప్రాసిక్యూషను రుజువు చేయాలి. ఒక్కసారి పొడిచి ఊరుకొన్నవాడు అంత తీవ్రమైన గాయాన్ని కోరుకున్నాడని ఎలా చెప్పగలం? ఇదీ వాదన సారాంశం. దీనికి మద్దతుగా 1917 నాటి బొంబాయి హైకోర్టు తీర్పు ఒకటి ఉంది. ఎంపరర్ వర్సెస్ సర్దార్‌ఖాన్ జరీద్‌ఖాన్ కేసులో జస్టిస్ బీమన్, ఒకే దెబ్బతో మరణం సంభవించినప్పుడు నేరస్థుడు ఎంతటి గాయాన్ని ఉద్దేశించాడో ఖచ్చితంగా తేల్చడం ఎంతో కష్టమని అభిప్రాయపడ్డారు.

వివియన్ బోస్ తీర్పు

జస్టిస్ బోస్ నాగపూరు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి 1951లో సుప్రీంకోర్టుకు వచ్చారు. 1956లో పదవీ విరమణ చేశారు. పెండింగు పనిభారం వలన మళ్ళీ పిలిపించబడి కొంతకాలం సుప్రీంకోర్టులో కూర్చున్నారు. ఈ తీర్పు ఆ రెండవ విడతలో రాసినదే. కోర్టు భాషకు అలవాటుపడిన జటిలత్వం ఆయన తీర్పులలో తక్కువగా కనిపిస్తుంది. ఈ తీర్పు కూడా చిన్నది, సూటిగా ఉంటుంది.

మూడవ నిబంధనలోని రెండు భాగాలు వేరువేరని ఆయన నిర్ణయించారు. మొదటి భాగం ముద్దాయి మనసుకు సంబంధించినది. రెండవ భాగం గాయానికి సంబంధించినది. గాయం చావుకు సరిపోతుందా లేదా అన్నది వైద్యసాక్ష్యంతో తేలే వస్తుగత విషయం. దానికీ ముద్దాయి ఉద్దేశానికీ సంబంధం లేదు. ఈ నిబంధన కింద ప్రాసిక్యూషను వరుసగా నాలుగు సంగతులు రుజువు చేయాలి. శరీరంపై గాయం ఉన్నదని మొదట చూపాలి. ఆ గాయం స్వభావం ఎటువంటిదో తరువాత చూపాలి. అటుపైన, సరిగ్గా ఆ గాయాన్నే చేయాలన్న ఉద్దేశం ఉన్నదని, అనగా అది పొరపాటున తగిలినది గాని, వేరే రకం గాయం చేయబోతే జరిగినది గాని కాదని చూపాలి. ఈ మూడూ తేలిన పిమ్మట, ఆ గాయం సహజ క్రమంలో మరణానికి చాలునని చూపాలి.

ఈ నాలుగింటిలో మనసుతో పని ఉన్నది మూడవ దానికే. అక్కడ కూడా వెదకవలసినది ముద్దాయి తీవ్రమైన గాయం కోరుకున్నాడా, స్వల్పమైనది కోరుకున్నాడా అని కాదు. శరీరంపై కనిపిస్తున్న ఆ గాయాన్ని చేయదలచుకున్నాడా లేదా అని మాత్రమే. ఈ విచారణలో శరీరశాస్త్ర వివరాల్లోకి పోనక్కరలేదని బోస్ అన్నారు. ప్రేగులు బయటకు రావాలని అనుకున్నాడా, కాలేయానికో గుండెకో తగలాలని అనుకున్నాడా అని అడుగుతూ పోతే, శరీరంలో గుండె ఎక్కడుందో తెలియని మనిషిని ఎన్నటికీ శిక్షించలేము. విచారణ ఇంగితజ్ఞానంపై ఆధారపడి, పన్నెండుగురు జ్యూరీ సభ్యులకు సులువుగా బోధపడేటట్లు ఉండాలన్నది ఆయన భావం. అప్పటికి దేశంలో కొన్ని చోట్ల జ్యూరీ విచారణ ఇంకా అమలులో ఉందని గుర్తుంచుకోవాలి.

అయితే ముద్దాయికి తలుపులు పూర్తిగా మూసివేయలేదు. పైపైన గీరుదామని మాత్రమే అనుకున్నాడని, ఎదుటివాడు కాలు జారి బల్లెంపై పడ్డాడని చూపగలిగితే అది హత్య కాదు. ఎందుకంటే అక్కడ గాయం అనుకున్నదానికంటే తీవ్రమైపోయిందని కాదు, అసలు ఆ గాయాన్నే అతడు ఉద్దేశించలేదని. అటువంటి సాక్ష్యం గాని, సబబైన వివరణ గాని లేనప్పుడు, కడుపులో బల్లెంతో అంత లోతుగా పొడిచినవాడు ఆ గాయాన్ని ఉద్దేశించలేదనడం అసంబద్ధమవుతుందని తీర్పు చెబుతున్నది. చావుకు సరిపోయే గాయాలు చేస్తూ తిరిగి, తరువాత హత్య చేయలేదని చెప్పుకునే హక్కు ఎవరికీ లేదన్న భావం గల వాక్యం ఈ తీర్పులో అన్నింటికంటే ఎక్కువగా ఉదహరించబడినది.

జస్టిస్ బీమన్ ఉద్దేశాన్ని గాయపు తీవ్రతతో ముడిపెట్టారని, చట్టం అలా కోరడం లేదని బోస్ విభేదించారు. అప్పీలు కొట్టివేయబడింది.

ప్రత్యక్ష సాక్షి ఏమి చెప్పగలడు

ఈ తీర్పు తరువాత ప్రత్యక్ష సాక్షి పాత్ర తగ్గిందని కొందరు పొరబడతారు. నిజానికి పెరిగింది. మొదటి, రెండవ, నాలుగవ అంశాలు వైద్యుడు తేల్చేవి. మూడవదానికి ఆధారం చూసినవాని మాటే. ఆయుధం ఏ వైపు పట్టుకున్నాడు, ఎంత దగ్గర నుండి పొడిచాడు, ఎదుటివాడు నిలబడి ఉన్నాడా, వంగి ఉన్నాడా, పెనుగులాట జరుగుతున్నదా, పొడిచిన తరువాత ఏమి చేశాడు వంటివి సాక్షి చెప్పాలి. సాక్షి ఉద్దేశాన్ని చూడలేకపోయినా, ఉద్దేశాన్ని ఊహించడానికి కావలసిన సరంజామా అంతా అతడే తెస్తాడు.

ఆ సాక్షిని ఎంతవరకు నమ్మాలి అన్న విషయంలో కూడా ఆ కాలపు తీర్పులే ఇప్పటికీ ప్రమాణం. విశేషమేమంటే ఈ ధర్మాసనంలోని ఇద్దరు న్యాయమూర్తులు ఆ అంశంపైనా పేరొందిన తీర్పులు చెప్పారు. దలీప్ సింగ్ వర్సెస్ పంజాబ్ రాష్ట్రం (1953) కేసులో జస్టిస్ బోస్, మృతుని బంధువు అయినంత మాత్రాన సాక్షిని అనుమానించరాదని, దగ్గరి బంధువు అసలు నేరస్థుని వదిలి అమాయకుని ఇరికించడానికి సాధారణంగా ఇష్టపడడని చెప్పారు. అయితే కక్షలు రగులుతున్నచోట, నిజమైన నేరస్థునితోపాటు తమకు గిట్టని మరొకరి పేరు కూడా చేర్చే ప్రమాదం ఉన్నదని అదే తీర్పులో హెచ్చరించారు. పల్లెలలో పార్టీల కొట్లాటలు తెలిసినవారికి ఈ హెచ్చరిక విలువ బాగా బోధపడుతుంది. మసల్తీ వర్సెస్ ఉత్తరప్రదేశ్ రాష్ట్రం కేసులో (1964) ప్రధాన న్యాయమూర్తి గజేంద్రగడ్కర్, పక్షం వహించే సాక్షి అన్న కారణంతోనే సాక్ష్యాన్ని తోసిపుచ్చరాదని, కానీ పెద్ద గుంపు ముద్దాయిలుగా ఉన్నప్పుడు ఒక్కొక్కరి విషయంలో ఇద్దరు ముగ్గురు సాక్షుల పొంతన గల కథనం కోరడం వివేకమని చెప్పారు.

సాక్షుల సంఖ్యను గురించి సాక్ష్య చట్టం 134వ సెక్షను స్పష్టంగా చెప్పింది. ఏ విషయం రుజువుకైనా ఇంతమంది సాక్షులు ఉండాలన్న నియమం లేదు. వడివేలు తేవర్ వర్సెస్ మద్రాసు రాష్ట్రం (1957) కేసులో మృతుని భార్య ఒక్కరి సాక్ష్యంపై పడిన మరణశిక్షను సుప్రీంకోర్టు ఖాయం చేసింది. పూర్తిగా నమ్మదగినవారు, పూర్తిగా నమ్మరానివారు, ఈ రెండింటికీ మధ్యవారు అని సాక్షులను మూడు తరగతులుగా విభజించినది ఆ తీర్పే. మొదటి రెండు తరగతులతో జడ్జికి ఇబ్బంది లేదు. మూడవ తరగతి సాక్షి మాటకు మాత్రం వేరొక ఆధారం వెదకాలి.

రాయలసీమకు చెందిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి రాణాప్రతాప్ వర్సెస్ హర్యానా రాష్ట్రం (1983) తీర్పులో "యాదృచ్ఛిక సాక్షి" అన్న మాటను తప్పుపట్టారు. సాక్షులకు ముందుగా కబురు పంపి ఎవరూ హత్య చేయరు. వీధిలో హత్య జరిగితే చూసేది దారిన పోయేవారే. హత్యను చూసినప్పుడు ఒకరు నిశ్చేష్టులవుతారు, ఒకరు కేకలు వేస్తారు, మరొకరు పారిపోతారు కనుక, సాక్షి ఫలానా విధంగా ప్రవర్తించలేదని అతని మాటను కొట్టివేయకూడదని ఆయన వివరించారు.

సాక్షి మాటకు, వైద్యుని మాటకు పొంతన కుదరనప్పుడు ఏమి చేయాలన్న ప్రశ్నకు అదే సంవత్సరం సోలంకి చిమన్‌భాయ్ కేసులో సమాధానం దొరికింది. సాక్షి చెప్పిన విధంగా గాయం తగలడం అసాధ్యమని వైద్యసాక్ష్యం తేల్చితే తప్ప, కంటితో చూసినవారి సాక్ష్యానికే ప్రాధాన్యం.

మూడవ అంశం వీగిపోయిన కేసులు

విర్సా సింగ్ సూత్రం ఉన్నా ప్రతి ప్రాణాంతకమైన పోటూ హత్యగా తేలలేదు. హర్జీందర్ సింగ్ వర్సెస్ ఢిల్లీ పాలనాయంత్రాంగం కేసులో (1968) ఇద్దరి మధ్య జరుగుతున్న పోట్లాటను ఆపబోయి ఒకరు అడ్డువచ్చారు. ఆయన వంగి ఉన్న స్థితిలో కత్తిపోటు తొడపై తగిలి ప్రధాన రక్తనాళాలు తెగాయి. గాయం చావుకు సరిపోయేదే. అయినా, సరిగ్గా ఆ చోటనే ఆ గాయాన్ని చేయాలన్న ఉద్దేశం రుజువు కాలేదని సుప్రీంకోర్టు నేరాన్ని 304 మొదటి భాగానికి తగ్గించింది. మృతుడు ఏ భంగిమలో ఉన్నాడన్న ఒక్క వివరం కేసు తీరునే మార్చివేసింది.

అదే ఏడాది లక్ష్మణ్ కాలూ నికాల్జే కేసులో, భార్యను కాపురానికి పంపమని అత్తవారింటికి వెళ్ళిన వ్యక్తి వాగ్వాదంలో బావమరిదిని కాలరెముక దగ్గర పొడిచాడు. లోపలి ధమని తెగి అతడు మరణించాడు. ఆ ధమనిని తెంచాలన్న ఉద్దేశం లేదని, నేరం 304 రెండవ భాగం కిందికే వస్తుందని కోర్టు నిర్ణయించింది. శరీర లోపలి భాగాలను గురించి అడగనక్కరలేదన్న బోస్ మాటకూ ఈ తీర్పుకూ పొసగదని అనిపించక మానదు. ఒకే సూత్రం కింద భిన్నమైన ఫలితాలు వస్తున్నాయన్న విమర్శకు మూలం ఇటువంటి తీర్పులే. జగ్రూప్ సింగ్ కేసులో (1981) పెళ్ళి సందడిలో తలపై పడిన ఒక్క దెబ్బ కూడా 304 రెండవ భాగంగా తేలింది.

మరొక వైపు, కొచ్చి నౌకాదళ స్థావరంలో దోపిడీ సందర్భంగా ఒక అధికారిని కట్టివేసి క్లోరోఫారంతో నోరు మూయగా ఊపిరాడక మరణించిన రాజ్వంత్ సింగ్ కేసులో (1966) విర్సా సింగ్ సూత్రం ప్రకారమే హత్య అని తేలింది. జైప్రకాశ్ వర్సెస్ ఢిల్లీ పాలనాయంత్రాంగం (1991) కేసులో ఛాతీపై ఒకే పోటు. తెలుగువారైన జస్టిస్ కె. జయచంద్రారెడ్డి అందులో ఉద్దేశానికీ జ్ఞానానికీ గల తేడాను విపులంగా చర్చించి హత్యానేరాన్ని ఖాయం చేశారు. దెబ్బ ఒక్కటే అన్నది ముద్దాయికి దానంతటదే రక్ష కాదని ఈ తీర్పుతో స్థిరపడింది.

ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళిన అప్పీళ్ళు

ఈ సూత్రాన్ని విద్యార్థులకు మరింత సుబోధకం చేసిన తీర్పు గుంటూరు జిల్లా కేసులో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ రాయవరపు పున్నయ్య (1976) కేసుకు మూలమైన సంఘటన 1968 జూలై 23న జరిగింది. రొంపిచర్లలో రెండు వర్గాల మధ్య వైరం ఉండేది. బస్సులో ప్రయాణిస్తున్న ఒక వర్గం పెద్దను నకరికల్లులో దిగినప్పుడు దుడ్డుకర్రలతో కాళ్ళు చేతులు విరగకొట్టారు. ఆయన మరునాటి తెల్లవారుజామున నరసరావుపేట ఆసుపత్రిలో మరణించారు. శరీరంపై 19 గాయాలు. అయితే తలపై గాని ఛాతీపై గాని ఒక్క దెబ్బ కూడా కొట్టలేదని, కనుక చంపే ఉద్దేశం లేదని హైకోర్టు 302ను 304 రెండవ భాగానికి తగ్గించింది. సుప్రీంకోర్టు దీనిని ఒప్పుకోలేదు. ఆ గాయాలన్నీ కావాలని చేసినవే, అన్నీ కలిసి సహజ క్రమంలో చావుకు సరిపోయేవే కనుక విర్సా సింగ్ సూత్రం ప్రకారం హత్యేనని జస్టిస్ సర్కారియా తీర్పు చెప్పారు. నరహత్య జాతి అని, హత్య అందులో ఒక ఉపజాతి అని ఆయన చేసిన వర్గీకరణను పాఠ్యపుస్తకాలు నేటికీ అనుసరిస్తున్నాయి.

పులిచెర్ల నాగరాజు వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం (2006) పోటు వలన జరిగిన మరణానికి సంబంధించినదే. ఉద్దేశాన్ని నిర్ణయించడానికి చూడవలసిన విషయాలను జస్టిస్ రవీంద్రన్ ఇందులో ఒక్కచోట చేర్చారు. ఆయుధం ఎటువంటిది, వెంట తెచ్చుకున్నదా అక్కడ దొరికినదా, దెబ్బ మర్మస్థానంపైనా, ఎంత బలంగా, హఠాత్తుగా వచ్చిన తగవా, పాత పగ ఉన్నదా, రెచ్చగొట్టారా, ఒక్క దెబ్బా అనేకమా వంటివి వాటిలో కొన్ని. వీటిలో దాదాపు అన్నీ ప్రత్యక్ష సాక్షి నోటి నుండి రావలసినవే.

హఠాత్తుగా జరిగిన ఘర్షణల విషయం

హఠాత్తుగా జరిగినదని హైకోర్టే అన్నప్పుడు హత్య ఎలా అవుతుందన్న సందేహం చాలామందికి వస్తుంది. ముందస్తు పథకం వేరు, ఉద్దేశం వేరు. ఉద్దేశం ఆ క్షణంలోనే పుట్టవచ్చు. హఠాత్తుగా జరిగిన పోరాటానికి 300వ సెక్షనులోనే నాలుగవ మినహాయింపు ఉన్నది. కానీ అందుకు ఆవేశంలో జరిగిన పరస్పర పోరాటం కావాలి, ముద్దాయి అనుచితంగా పైచేయి తీసుకొని గాని క్రూరంగా గాని ప్రవర్తించి ఉండరాదు. నిరాయుధుని బల్లెంతో పొడిచినవారికి ఈ మినహాయింపు దొరకడం కష్టం.

వైద్యం సరిగా అందివుంటే బ్రతికేవాడన్న వాదనకు కూడా చట్టంలో సమాధానం ఉంది. సరైన చికిత్సతో మరణాన్ని నివారించగలిగి ఉండినా, గాయం చేసినవాడే మరణానికి కారకుడని 299వ సెక్షను రెండవ వివరణ చెబుతుంది. కనుక పెరిటోనైటిస్ తోడవడం వలన నేరం తగ్గదు.

కొత్త చట్టాలలో

2024 జూలై 1 నుండి భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం అమలులోకి వచ్చాయి. హత్య నిర్వచనం 101వ సెక్షనుకు మారింది. పాత మూడవ నిబంధన అందులో (సి) నిబంధనగా సారం మారకుండానే ఉన్నది. కత్తివేటు ఉదాహరణ కూడా అలాగే ఉంది. హత్యకు శిక్ష 103వ సెక్షనులోను, నేరపూరిత నరహత్యకు శిక్ష 105వ సెక్షనులోను ఉన్నాయి. ఉద్దేశం ఉన్న నేరపూరిత నరహత్యకు యావజ్జీవం వేయనప్పుడు కనీసం ఐదేళ్ళ జైలు ఉండాలని కొత్తగా చేర్చారు. సాక్షుల సంఖ్యకు నియమం లేదన్న పాత 134వ సెక్షను ఇప్పుడు సాక్ష్య అధినియమంలో 139వ సెక్షను. 2024 జూలై 1కి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది కనుక, కోర్టు తీర్పులలో 300, 302 అంకెలు ఇంకా చాలా ఏళ్ళు కనిపిస్తూనే ఉంటాయి.